షుగర్ ఉన్నవాళ్లకు గుండెపోటు వస్తే నొప్పి ఎందుకు తెలియదు? రక్తనాళాల లోపల జరిగేది ఇదీ.. పుల్లలచెరువు లాంటి ఊళ్లకు ఇది ఇంకా ముఖ్యం

ఒళ్లంతా చెమటలు. నాలుగడుగులు వేస్తే ఆయాసం. కడుపులో ఏదో ఉబ్బరం. ఛాతీలో నొప్పి మాత్రం లేదు. ఇలాంటప్పుడు ఎవరైనా ముందు అనుకునేది ఒకటే.. గ్యాస్! ఒక సోడా తాగుతారు, మెడికల్ షాపు నుంచి గ్యాస్ బిళ్ల తెప్పించుకుంటారు, కాసేపు పడుకుంటే తగ్గుతుందని చూస్తారు. చాలామందికి అది నిజంగా గ్యాసే కావొచ్చు. కానీ పదేళ్లుగా షుగర్ ఉన్న మనిషికి ఇలా అయితే మాత్రం అది హార్ట్ ఎటాక్ కాదని ఈసీజీ తీయకుండా ఎవరూ చెప్పలేరు.

షుగర్‌కీ గుండెకీ సంబంధం ఉందని దాదాపు అందరూ వినే ఉంటారు. అసలు ఆ సంబంధం ఏంటి? రక్తంలో చక్కెర పెరిగితే గుండె రక్తనాళాలకు ఏమవుతుంది? నొప్పి ఎందుకు రాదు? ఇది తెలిస్తే డాక్టర్ రాసిచ్చిన బిళ్లల్లో ఏది దేనికో కూడా అర్థమవుతుంది.

పశ్చిమ ప్రకాశంలో, పల్నాడు సరిహద్దును ఆనుకుని ఉండే పుల్లలచెరువు మండలానికి ఈ విషయం మరీ అవసరం. కారణం దూరం. ఇక్కడి నుంచి ఒంగోలు వెళ్లాలన్నా, గుంటూరు వెళ్లాలన్నా వంద కిలోమీటర్ల పైమాటే. సిటీలో ఉన్న మనిషి గంటసేపు గ్యాస్ అనుకుని పొరపాటు పడినా ఇంకా టైమ్ మిగిలి ఉంటుంది. ఇక్కడ ఆ గంట పోతే, దానికి ప్రయాణం గంటలు కూడా కలుస్తాయి.

షుగర్ టౌన్ వాళ్ల జబ్బేనా?

ఈ మాట ఇప్పటికీ ఊళ్లలో వినిపిస్తుంది. ఎండలో పని చేసేవాళ్లకు, కూలికి పోయేవాళ్లకు షుగర్ రాదని ఒక ధీమా. అది నిజం కాదని తెలుగు పల్లెల్లోనే తేలిపోయింది, అదీ ఇరవై ఏళ్ల కిందటే.

2003-04లో తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాల్లోని 45 గ్రామాల్లో ఒక పెద్ద అధ్యయనం జరిగింది. పేరు ఆంధ్రప్రదేశ్ రూరల్ హెల్త్ ఇనీషియేటివ్. సుమారు 1 లక్షా 80 వేల జనాభాలో ఒక ఏడాదిలో ఎవరెవరు ఏ కారణంతో చనిపోయారో ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ వెళ్లి అడిగి నమోదు చేశారు. మొత్తం 1,354 మరణాలు. అందులో 32 శాతం గుండె, రక్తనాళాల జబ్బుల వల్లే. జ్వరాలు, విరేచనాలు, క్షయ.. పల్లెల్లో జనం వీటితోనే పోతారని అప్పటిదాకా ఉన్న లెక్క మారిపోయింది.

అదే బృందం 20 గ్రామాల్లో 30 ఏళ్లు దాటినవాళ్లకు రక్త పరీక్షలు చేస్తే 13.2 శాతం మందికి షుగర్ ఉందని తేలింది. వాళ్లలో సగం మందికి ఆ సంగతే తెలియదు. గుర్తుంచుకోవాల్సింది ఈ సగం లెక్కే.

గోదావరి జిల్లాలు కాలువల కింద ఊళ్లు, పుల్లలచెరువు మెట్ట ప్రాంతం. రెండింటినీ ఒకే గాటన కట్టలేం, ఆ శాతాన్ని ఇక్కడికి అలాగే తెచ్చి అతికించలేం. కానీ మెట్టలోనూ తిండి మారింది. 1983లో కిలో 2 రూపాయల బియ్యం పథకం వచ్చాక, ఆ తర్వాత రేషన్ బియ్యం ప్రతి ఇంటికీ అందాక, జొన్న, సజ్జ, కొర్ర తినే ఇళ్లలోనూ మూడు పూటలా అన్నమే అయింది. ఆకలి తీర్చిన పథకాన్ని తప్పుపట్టడం సరికాదు. ఐతే పని తగ్గి, ట్రాక్టర్లు, బైకులు వచ్చాక అదే అన్నం ఒంట్లో వేరే లెక్కలో పడుతోంది.

దేశం మొత్తం మీద చూస్తే ఐసీఎంఆర్ ఆధ్వర్యంలో జరిగిన సర్వే ఫలితాలు 2023లో వచ్చాయి. 11.4 శాతం మందికి షుగర్, అంటే 10 కోట్ల మందికి పైనే. మరో 15.3 శాతం మంది ప్రీడయాబెటిస్‌లో, అంటే గట్టు మీద ఉన్నారు. 35.5 శాతం మందికి బీపీ.

రీఫిల్ అంత సన్నని గొట్టాలు

గుండె రోజుకు సుమారు లక్ష సార్లు కొట్టుకుంటుంది. ఒంట్లో అన్నిటికీ రక్తం పంపే ఈ కండరానికీ రక్తం కావాలి కదా! దాన్ని మోసుకొచ్చేవే కరోనరీ ధమనులు. కుడివైపు ఒకటి, ఎడమవైపు ఒకటి మొదలై, ఎడమది మళ్లీ రెండు పెద్ద కొమ్మలవుతుంది. మొదట్లో వీటి లోపలి వెడల్పు 3, 4 మిల్లీమీటర్లు. బాల్‌పెన్ రీఫిల్ అంతే. ముందుకు పోయేకొద్దీ ఇంకా సన్నబడతాయి.

బత్తాయి తోటకో, మిర్చి చేనుకో డ్రిప్ వేసిన రైతుకు ఈ బొమ్మ కళ్లకు కడుతుంది. బోరు నీళ్లలో ఉప్పు, సున్నం ఎక్కువుంటే మెల్లగా డ్రిప్పర్లు మూసుకుపోతాయి. మొదట తెలియదు. నీళ్లు పారుతూనే ఉంటాయి. చివరి చెట్టు వాడినప్పుడే పైపు లోపల చూస్తాం. గుండె రక్తనాళాల్లోనూ ఇలాగే కొవ్వు పేరుకుపోతుంది. 

ఈ పోలిక ఇక్కడిదాకే పనికొస్తుంది. ఎందుకంటే ప్లాస్టిక్ పైపుకు ప్రాణం లేదు, రక్తనాళం గోడకు ఉంది. షుగర్ చేసే అసలు నష్టం ఆ గోడలోనే.

రక్తనాళం లోపలివైపు ఒకే ఒక్క కణం మందంతో సన్నని పొర ఉంటుంది. దాని పేరు ఎండోథీలియం. ఇది ఊరికే అస్తరులా ఉండే పొర కాదు. రక్తం ఎక్కువ కావాల్సినప్పుడు నాళం వ్యాకోచించాలి, అవసరం తగ్గితే సంకోచించాలి. ఆ పని చూసుకునేది ఇదే. అందుకోసం నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువును తయారు చేస్తుంది. ఒక వాయువు మన ఒంట్లో ఇలా కబురు మోస్తుందని కనిపెట్టినందుకే ఫర్చ్‌గాట్, ఇగ్నారో, మురాద్ అనే ముగ్గురు అమెరికా శాస్త్రవేత్తలకు 1998లో నోబెల్ బహుమతి వచ్చింది. నైట్రిక్ ఆక్సైడ్ సరిపడా ఉన్నంత కాలం నాళం మెత్తగా ఉంటుంది, రక్తకణాలు గోడకు అతుక్కోవు, గడ్డ కట్టదు.

ఇప్పుడు రక్తంలో చక్కెర పెరిగింది అనుకుందాం. ఒంట్లోని చాలా కణాలు లోపలికి వచ్చే చక్కెరను తగ్గించుకోగలవు, తలుపు కొంచెం మూసుకున్నట్టు. ఎండోథీలియం కణాలకు ఆ తలుపు లేదు. రక్తంలో ఎంత ఉంటే అంతా లోపలికి వచ్చేస్తుంది. షుగర్ దెబ్బ కళ్లు, కిడ్నీలు, నరాలు, గుండె మీదే ఎక్కువ ఎందుకు పడుతుందనే ప్రశ్నకు అమెరికా శాస్త్రవేత్త మైకేల్ బ్రౌన్లీ ఇచ్చిన జవాబు ఈ దారిలోనిదే. లోపలికి వచ్చిన చక్కెరనంతా కాల్చే క్రమంలో కణంలో హానికరమైన ఆక్సిజన్ రేణువులు తయారవుతాయి. అవి నైట్రిక్ ఆక్సైడ్‌ను మింగేస్తాయి. మెత్తగా ఉండాల్సిన నాళం బిగుసుకుపోతుంది. జారుడుగా ఉండాల్సిన గోడ జిగురుగా మారుతుంది.

ఇది ఒక దెబ్బ. రెండోది ఇంకా నెమ్మదిగా పడుతుంది. చక్కెర చాలాకాలం రక్తంలో తిరుగుతుంటే ప్రొటీన్లకు అతుక్కుంటుంది. పాకం ముదిరి రంగు మారి గట్టిపడినట్టు నాళం గోడలోని ప్రొటీన్లు బిరుసెక్కుతాయి. ఇలాంటి అతుకుడే ఎర్ర రక్తకణాల్లోని హిమోగ్లోబిన్ మీదా జరుగుతుంది. ‘మూడు నెలల షుగర్’ అని అందరూ పిలిచే హెచ్‌బీఏ1సీ పరీక్ష కొలిచేది దాన్నే. ఎర్ర రక్తకణం ఆయుష్షు 120 రోజుల దాకా ఉంటుంది కాబట్టి రెండు మూడు నెలల చరిత్ర అందులో దొరుకుతుంది. పరీక్షకు ముందు రోజు అన్నం మానేసినా ఈ లెక్క మారదు!

కొలెస్ట్రాల్ నార్మలే.. మరి ఎందుకిలా?

షుగర్ ఉన్నవాళ్ల రిపోర్టుల్లో తరచూ కనిపించే విచిత్రం ఇది. ఎల్‌డీఎల్, అంటే చెడు కొలెస్ట్రాల్ అంకె మరీ ఎక్కువేం ఉండదు. ‘అంతా నార్మల్’ అనుకుని కాగితం మడిచి పెట్టేస్తారు. కానీ ఇన్సులిన్ సరిగా పనిచేయనప్పుడు కాలేయం కొవ్వును వేరే పద్ధతిలో రక్తంలోకి వదులుతుంది. ట్రైగ్లిజరైడ్లు పెరుగుతాయి, మంచి కొలెస్ట్రాల్ తగ్గుతుంది. ఎల్‌డీఎల్ రేణువులు చిన్నగా, చిక్కగా తయారవుతాయి. దెబ్బతిన్న గోడలోకి ఈ చిన్న రేణువులు తేలిగ్గా దూరుతాయి.

దూరినవాటిని తినడానికి తెల్ల రక్తకణాలు వస్తాయి. తిని తిని అక్కడే చచ్చిపోతాయి. కొవ్వు, చచ్చిన కణాలు, కాల్షియం కలిసి పూడిక తయారవుతుంది. దానిమీద పలుచని పొర కప్పి ఉంటుంది. ఆ పొర చిరిగిందా.. గాయం అయిందనుకుని ప్లేట్‌లెట్లు గుంపుగా వచ్చి గడ్డ కడతాయి. షుగర్ ఉన్నవాళ్ల ప్లేట్‌లెట్లకు మామూలు కంటే జిగురు ఎక్కువ. నిమిషాల్లో దారి మూసుకుపోతుంది. హార్ట్ ఎటాక్ అంటే ఇదే.

ఇక్కడ ఒక అపోహ ఉంది. 90 శాతం మూసుకుపోయిన చోటే ఎటాక్ వస్తుందని చాలామంది అనుకుంటారు. అలా ఏం లేదు. దారికి పెద్దగా అడ్డం లేని చిన్న పూడిక పగిలినా గడ్డ కట్టి పూర్తిగా మూసేయగలదు. ‘నిన్నటిదాకా పొలం పని చేశాడే’ అని ఊరంతా ఆశ్చర్యపోయే సంఘటనల వెనక చాలాసార్లు ఉండేది ఇదే.

షుగర్‌లో ఇంకో ఇబ్బంది.. పూడిక ఒకచోట ఆగదు. మిగతావాళ్లకు ఒకటి రెండు చోట్ల ఉంటే, వీళ్లకు నాళం పొడవునా, రెండు మూడు నాళాల్లోనూ, చివరి సన్న కొమ్మల దాకా పరుచుకుంటుంది. యాంజియోగ్రామ్‌లో కనపడనంత సన్ననివాటిలోనూ రక్తం సరిగా పారకపోవచ్చు. అప్పుడు పెద్ద నాళాలు బాగానే ఉన్నా గుండె కండరం ఎండిన కొమ్మల కింది చెట్టులా నీరసపడుతుంది. అలా మెల్లగా గుండె పంపింగ్ తగ్గే ప్రమాదమూ ఉంది. అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్ పట్టణంలో 1948 నుంచి జరుగుతున్న అధ్యయనం ఈ సంగతిని 1974లోనే బయటపెట్టింది. షుగర్ ఉన్న మగవాళ్లలో హార్ట్ ఫెయిల్యూర్ రెండింతలకు పైగా, ఆడవాళ్లలో ఐదింతలు కనిపించింది.

నొప్పి ఎందుకు రాదంటే..

షుగర్ వల్ల అరికాళ్లు తిమ్మిరెక్కడం, చెప్పు జారిపోయినా తెలియకపోవడం చాలామందికి అనుభవమే. ఆ నరాలను పాడు చేసిన చక్కెరే గుండెకు వెళ్లే నరాలనూ పాడు చేస్తుంది. గుండె కండరం రక్తం అందక అల్లాడుతున్నా ఆ కబురు మెదడుకు చేరదు. లేదా సగమే చేరుతుంది. అందుకే ఛాతీ మీద బండ పెట్టినట్టుండే నొప్పికి బదులు ఆయాసం, చల్లటి చెమట, వికారం, దవడలోనో భుజంలోనో వీపులోనో లాగడం, ఉన్నట్టుండి విపరీతమైన నీరసం లాంటివి కనిపిస్తాయి. కొందరికి అవీ ఉండవు. ఎప్పుడో వేరే పనికి ఈసీజీ తీస్తే ‘మీకు ఇదివరకే ఒకసారి ఎటాక్ వచ్చి పోయింది’ అని డాక్టర్ చెబుతారు.

డయాడ్ అనే అధ్యయనంలో టైప్ 2 షుగర్ ఉండి, గుండె జబ్బు లక్షణాలేవీ లేని 522 మందికి గుండె స్కాన్ చేశారు. వాళ్లలో 22 శాతం మందికి తేడా కనిపించింది. అంటే ఐదుగురిలో ఒకరికి పైనే.

అలాగైతే షుగర్ ఉన్నవాళ్లందరూ వెంటనే స్కాన్ చేయించుకోవాలా? ప్రైవేటు హెల్త్ ప్యాకేజీల ప్రకటనలు చూస్తే అలాగే అనిపిస్తుంది. కానీ అదే డయాడ్ బృందం సుమారు ఐదేళ్లు గమనించి 2009లో చెప్పింది వేరు. ఏ లక్షణమూ లేనివాళ్లకు స్కాన్ చేసినా, చేయకపోయినా హార్ట్ ఎటాక్‌లలో పెద్ద తేడా రాలేదు. మందులు సరిగా వాడినందువల్ల రెండు గుంపుల్లోనూ ఎటాక్‌లు తక్కువే ఉన్నాయి. కాబట్టి లక్షణాలు లేనప్పుడు వేల రూపాయలు స్కాన్‌కు పెట్టడం కంటే ఆ డబ్బుతో ఏడాది పొడవునా మందులు ఆపకుండా వాడటం మేలు. ఆయాసమో, నడిస్తే ఛాతీలో పట్టేసినట్టో ఉంటే మాత్రం అది వేరే సంగతి. అప్పుడు పరీక్షలు వాయిదా వేయకూడదు.

ఖరీదైన స్కాన్ కంటే ముందు చూడాల్సినవి రెండున్నాయి. మూత్రంలో ఆల్బుమిన్ పరీక్ష, కంటి వెనక రెటీనా పరీక్ష. కిడ్నీలో సన్న నాళాలు కారుతుంటే మూత్రంలో ప్రొటీన్ కనిపిస్తుంది. రెటీనాలోనైతే రక్తనాళాలను నేరుగా కంటితో చూడొచ్చు. ఈ రెండు చోట్లా నాళాలు చెడితే గుండెలోనూ చెడుతున్నాయనే అనుమానించాలి. ఫ్లోరైడ్ నీళ్లతో, కిడ్నీ జబ్బులతో ఇప్పటికే సతమతమవుతున్న పశ్చిమ ప్రకాశంలో షుగర్ ఉన్నవాళ్లు ఏడాదికోసారి మూత్ర పరీక్ష చేయించుకుంటే రెండు పనులూ అవుతాయి.

ఆడవాళ్లకు ఆ రక్షణ పోతుంది

నెలసరి ఆగే వరకు ఆడవాళ్లకు గుండె జబ్బు తక్కువ అనే మాట నిజమే. షుగర్ వస్తే ఆ వెసులుబాటు చాలావరకు పోతుంది. 8 లక్షల 58 వేల మంది వివరాలను కలిపి 2014లో చేసిన విశ్లేషణలో, షుగర్ వల్ల అదనంగా వచ్చే గుండె జబ్బు ముప్పు మగవాళ్ల కంటే ఆడవాళ్లలో 44 శాతం ఎక్కువని తేలింది. పైగా ఇంట్లో అందరికీ వండి పెట్టి చివర్లో తినే అమ్మకో, అత్తకో ఆయాసం వస్తే ‘పని ఎక్కువైంది’ అని సరిపెట్టేస్తారు. ఆమె కూడా అలాగే అనుకుంటుంది. గర్భంతో ఉన్నప్పుడు షుగర్ వచ్చి, కాన్పు తర్వాత తగ్గిపోయిన ఆడవాళ్లు ‘పోయింది కదా’ అని వదిలేయకుండా ఏడాదికి ఒకసారైనా చూపించుకోవాలి. వాళ్లకు తర్వాత షుగర్ వచ్చే అవకాశం మిగతావాళ్ల కంటే చాలా ఎక్కువ.

మన దగ్గర వయసు కూడా తొందరపడుతుంది. 52 దేశాల్లో జరిగిన ఇంటర్‌హార్ట్ అధ్యయనంలో దక్షిణాసియా వాళ్లకు మొదటి హార్ట్ ఎటాక్ సగటున 53 ఏళ్లకే వస్తే, మిగతా దేశాల వాళ్లకు దాదాపు 59 ఏళ్లకు వచ్చింది. ఆరేళ్లు ముందు! ఇంటి పెద్ద సంపాదిస్తున్న వయసు అది. అప్పులు తీరని, పిల్లల పెళ్లిళ్లు కాని వయసు.

షుగర్ ఒక్కటే తగ్గిస్తే సరిపోతుందా?

సరిపోదు. ఇది చాలామందికి కొత్తగా అనిపించొచ్చు. అమెరికా, కెనడాల్లో 10,251 మందితో జరిగిన అకార్డ్ అధ్యయనంలో హెచ్‌బీఏ1సీని 6 కంటే కిందికి దించాలని గట్టిగా మందులిచ్చారు. ఆ గుంపులో మరణాలు పెరగడంతో 2008లో ఆ చికిత్సను మధ్యలోనే ఆపేశారు. షుగర్ మరీ దించేయడమూ ప్రమాదమే, ముఖ్యంగా పెద్ద వయసువాళ్లకు, ఇప్పటికే గుండె జబ్బున్నవాళ్లకు. అందుకే చాలామందికి డాక్టర్లు 7 దగ్గర లక్ష్యం పెడతారు, వయసు ఎక్కువైతే ఇంకాస్త సడలిస్తారు.

మరి ఏది పనిచేసింది? డెన్మార్క్‌లో కేవలం 160 మందితో జరిగిన స్టెనో-2 అధ్యయనం దీనికి జవాబు. సగం మందికి షుగర్‌తో పాటు బీపీ, కొలెస్ట్రాల్, పొగ, తిండి, నడక అన్నీ ఒకేసారి పట్టించుకున్నారు. దాదాపు ఎనిమిదేళ్లలో గుండె, రక్తనాళాల సమస్యలు సగానికి తగ్గాయి. 21 ఏళ్ల తర్వాత చూస్తే ఆ గుంపు దాదాపు 8 ఏళ్లు ఎక్కువ బతికింది. ఏదో ఒక్క మందు చేసిన మహిమ కాదది.

‘నాకు ఉన్నది షుగర్, గుండె బిళ్ల ఎందుకు రాశారు?’ అని అడిగేవాళ్లకు జవాబు కూడా ఇందులోనే ఉంది. ఆ బిళ్ల సాధారణంగా స్టాటిన్. బ్రిటన్, ఐర్లాండ్‌లలో షుగర్ ఉండి, అప్పటికి గుండె జబ్బు లేని 2,838 మందితో జరిగిన కార్డ్స్ అధ్యయనంలో, రోజూ 10 మిల్లీగ్రాముల అటోర్వాస్టాటిన్ వేసుకున్నవాళ్లలో గుండెపోట్లు, పక్షవాతం లాంటి పెద్ద ముప్పులు 37 శాతం తగ్గాయి. 2004లో ఈ ఫలితాలు వచ్చాయి. ఖరీదైన మందేం కాదు. కొలెస్ట్రాల్ నార్మల్‌గా ఉందని మధ్యలో మానేయడమే అసలు తప్పు, బీపీ నార్మల్‌కు వచ్చిందని బీపీ బిళ్ల మానేసినట్టు. బిళ్ల వేసుకుంటున్నారు కాబట్టే నార్మల్ ఉంది!

షుగర్ బిళ్లల్లోనూ గుండెకు పనికొచ్చేవి వచ్చాయి. ఎంపాగ్లిఫ్లోజిన్ అనే మందు గుండె జబ్బున్న షుగర్ రోగుల్లో గుండె మరణాలను 38 శాతం తగ్గించిందని 2015లో తేలింది. బిళ్ల ఒక్కటి 60 రూపాయల దరిదాపుల్లో ఉండటంతో పల్లె జనానికి అందలేదు. 2025 మార్చిలో మన దేశంలో పేటెంట్ ముగిశాక చాలా కంపెనీలు తయారు చేయడం మొదలుపెట్టి ధర బాగా పడిపోయింది. ఇది అందరికీ సరిపడే మందు కాదు. మూత్రంలో ఇన్ఫెక్షన్లు వచ్చేవాళ్లు, కిడ్నీ సమస్యలున్నవాళ్లు డాక్టర్‌ను అడిగే వాడాలి. ‘ఖరీదు అని రాయలేదేమో, ఇప్పుడు తగ్గిందట కదా’ అని అడగడంలో మాత్రం తప్పు లేదు.

స్టెంటా? బైపాసా?

యాంజియోగ్రామ్‌లో మూడు నాళాల్లోనూ పూడిక ఉందని చెప్పగానే ఇంట్లోవాళ్లు ‘ఆపరేషన్ వద్దు, స్టెంట్లు వేసేయండి’ అంటారు. కోత లేదు, రెండు రోజుల్లో ఇంటికొచ్చేయొచ్చు. షుగర్ ఉన్నవాళ్ల విషయంలో ఈ నిర్ణయం అంత తేలిక కాదు. 1,900 మందితో జరిగిన ఫ్రీడమ్ అధ్యయనం 2012లో చెప్పింది ఇదీ. షుగర్ ఉండి, ఒకటికి మించి నాళాల్లో పూడిక ఉన్నవాళ్లకు స్టెంట్లు వేస్తే ఐదేళ్లలో 26.6 శాతం మందికి మరణం, గుండెపోటు, పక్షవాతం.. వీటిలో ఏదో ఒకటి ఎదురైంది. బైపాస్ చేసినవాళ్లలో అది 18.7 శాతమే. పక్షవాతం మాత్రం బైపాస్‌లో కొంచెం ఎక్కువ కనిపించింది. స్టెంట్ ఒక్క చోటును తెరుస్తుంది. షుగర్‌లో పూడిక నాళమంతా ఉంటుంది కాబట్టి రేపు స్టెంట్ పక్కనే ఇంకోటి పగలొచ్చు. బైపాస్ ఐతే ఆ పొడవంతా దాటేసి కింద కొత్త దారి కలుపుతుంది. ఎటాక్ వచ్చి ప్రాణం మీదికి వచ్చినప్పుడు మాత్రం మూసుకున్న నాళాన్ని వెంటనే స్టెంట్‌తో తెరవడమే పద్ధతి, అప్పుడు ఈ చర్చకు టైమ్ ఉండదు.

ఖర్చు గురించి ఒక మాట. 2017 ఫిబ్రవరిలో కేంద్రం స్టెంట్ ధరలకు పరిమితి పెట్టింది. అప్పట్లో మామూలు స్టెంట్ 7,260 రూపాయలు, మందు పూసిన స్టెంట్ 29,600 రూపాయలు. అంతకుముందు లక్ష దాటి వసూలు చేసిన రోజులున్నాయి. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో నడుస్తున్న పథకంలో స్టెంట్, బైపాస్ రెండూ ఉన్నాయి. కార్డు ఉన్నవాళ్లు నెట్‌వర్క్ ఆస్పత్రిలో ముందుగా ఆరోగ్యమిత్ర దగ్గరికి వెళ్లాలి.

పుల్లలచెరువులో ఉంటే ఏం చేయాలి?

మూసుకున్న నాళాన్ని రెండు విధాలుగా తెరవొచ్చు. ఒకటి క్యాథ్‌ల్యాబ్‌లో బెలూన్, స్టెంట్‌తో. రెండోది గడ్డను కరిగించే ఇంజెక్షన్‌తో. రెండు గంటల్లోపు క్యాథ్‌ల్యాబ్‌కు చేరి నాళం తెరిపించుకోగలిగితే మొదటిదే మంచిది. అలా కుదరదని తెలిసినప్పుడు దగ్గరి ఆస్పత్రిలోనే ఇంజెక్షన్ ఇచ్చి ఆ తర్వాత పెద్దాస్పత్రికి పంపాలని ప్రపంచమంతా పాటించే మార్గదర్శకాలు చెబుతున్నాయి. నల్లమల పక్క ఊళ్లకు ఈ రెండో దారే ఎక్కువసార్లు దిక్కు.

టెనెక్టెప్లేస్ అనే ఈ ఇంజెక్షన్ ఖరీదు సుమారు 40 వేల రూపాయలు. 2023లో ఏపీలో మొదలైన స్టెమి కార్యక్రమం కింద ప్రభుత్వ ఆస్పత్రుల్లో దీన్ని ఉచితంగా ఇస్తున్నారు. చిన్న ఆస్పత్రిలో ఈసీజీ తీసి, ఆన్‌లైన్‌లో పెద్దాస్పత్రిలోని గుండె డాక్టర్‌కు పంపి, ఆయన చెప్పగానే అక్కడే ఇంజెక్షన్ ఇచ్చే ఏర్పాటు ఇది. ఎటాక్ మొదలైన 12 గంటల్లోపు ఇవ్వొచ్చు కానీ మొదటి రెండు మూడు గంటల్లో ఇస్తేనే ఎక్కువ లాభం. ఆ తర్వాత గడ్డ గట్టిపడుతుంది, కండరం చచ్చిపోతుంది. ఇటీవల పక్షవాతం వచ్చినవాళ్లకు, రక్తస్రావం ఉన్నవాళ్లకు ఈ ఇంజెక్షన్ పనికిరాదు.

అందుకని షుగర్ ఉన్నవాళ్ల ఇంట్లో ఒక సంగతి ముందే తెలుసుకుని పెట్టుకోవాలి. యర్రగొండపాలెం, మార్కాపురం, వినుకొండ.. మీ ఊరికి దగ్గర్లోని ఏ ప్రభుత్వ ఆస్పత్రిలో రాత్రిపూట కూడా ఈసీజీ, ఈ ఇంజెక్షన్ ఉంటాయి? పీహెచ్‌సీ డాక్టర్‌నో, ఏఎన్ఎంనో అడిగితే చెబుతారు. ఎటాక్ వచ్చిన రాత్రి ఫోన్లు చేసి కనుక్కుందాంలే అంటే కుదరదు. ఆర్ఎంపీ దగ్గర సెలైన్ పెట్టించుకుని తెల్లారాక చూద్దాం అనుకోవడం అన్నిటికంటే ఖరీదైన ఆలస్యం.

బైక్ మీద మధ్యలో కూర్చోబెట్టుకుని తీసుకెళ్లడం కూడా వద్దు. దారిలో గుండె ఆగితే ఏం చేయలేరు. 108కి ఫోన్ చేయాలి. వచ్చేలోపు మనిషిని నడిపించకూడదు, ఆనుకుని కూర్చోబెట్టాలి. ఆస్పిరిన్ పడని మనిషి కాకపోతే, కడుపులో పుండు లేకపోతే ఆస్పిరిన్ బిళ్ల నమిలించమని 108 వాళ్లు గానీ, డాక్టర్ గానీ ఫోన్‌లోనే చెప్పొచ్చు. చెమటలు షుగర్ పడిపోయినా పడతాయి కాబట్టి ఇంట్లో గ్లూకోమీటర్ ఉంటే ఒకసారి చూడాలి. 70 కంటే తక్కువుంటే ముందు చక్కెర నీళ్లివ్వాలి. షుగర్ బాగానే ఉండి చెమట, ఆయాసం తగ్గకపోతే గుండె అనే అనుకోవాలి.

ఇక రోజువారీ సంగతి. 30 ఏళ్లు దాటిన ప్రతి ఒక్కరికీ ఏఎన్ఎం, ఆశా కార్యకర్తలు బీపీ, షుగర్ చూస్తారు. 104 వాహనం ఊరికి వచ్చినప్పుడు డాక్టర్ చూసి మందులు ఇస్తారు. ఆ రోజు కూలికి పోతే నెల మందులు పోతాయి, చాలామందికి మందులు ఆగిపోయేది అక్కడే. హైదరాబాద్‌కో, గుంటూరు మిర్చి కోతలకో వలస వెళ్లే కుటుంబాలు ముందే చెప్పి ఎక్కువ రోజుల మందులు అడిగి తీసుకోవచ్చు. చీటీని ఫోన్‌లో ఫొటో తీసుకుంటే వెళ్లిన ఊరి పీహెచ్‌సీలో చూపించొచ్చు. 

బీడీ, సిగరెట్, గుట్కా మానకుండా ఎన్ని బిళ్లలు వేసుకున్నా పెద్దగా లాభం లేదు. షుగర్ పాడు చేసే ఎండోథీలియం పొరనే పొగాకూ పాడు చేస్తుంది. అన్నం పూర్తిగా మానక్కర్లేదు. కంచంలో సగం కూరలు, పప్పు ఉండేలా చూసుకుని, ఒక పూట జొన్న రొట్టెకో, కొర్రన్నానికో మారితే చాలు. అవి కూడా పిండి పదార్థాలే కాబట్టి ‘మిల్లెట్స్ కదా’ అని రెండింతలు తింటే మళ్లీ మొదటికే వస్తుంది.

చివరగా ఆస్పత్రి గేటు దగ్గర చెప్పాల్సిన మాట. ‘కడుపులో మంటగా ఉంది, గ్యాస్ అనుకుంటా’ అని మొదలుపెడితే ఓపీలో వరుసలో కూర్చోబెడతారు. ‘పదేళ్లుగా షుగర్ ఉంది, గంట నుంచి ఆయాసం, చెమటలు’ అని చెప్పి ఈసీజీ తీయమని అడగాలి. ఆస్పత్రికి వచ్చిన 10 నిమిషాల్లోపు ఈసీజీ తీయాలన్నది నిబంధన. మొదటి ఈసీజీలో ఏమీ కనిపించకపోయినా ఇబ్బంది తగ్గకపోతే కాసేపాగి మళ్లీ తీస్తారు, రక్తంలో ట్రోపోనిన్ పరీక్ష చేస్తారు. అవి రెండూ అయ్యేదాకా ఇంటికి బయల్దేరకూడదు.